కూతకెళ్లేవాడా... కాలు పట్టేవాడా?

రెండు కోట్ల అరవై లక్షల యాభై వేల రూపాయలు... 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ప్రొ కబడ్డీ వేలంలో ఒకే ఒక్క ఆటగాడి కోసం తెలుగు టైటాన్స్ పెట్టిన ధర ఇది. ఆ ఆటగాడు పవన్ సెహ్రావత్. కూతకెళ్తే ఉత్త చేతులతో తిరిగి రాడని పేరు. అదే వేలంలో పుణెరి పల్టన్ జట్టు 2 కోట్ల 35 లక్షలు పెట్టి ఇరాన్ కుర్రాడు మొహమ్మద్‌రెజా షాద్లూయిని కొనుక్కుంది. ఇతని అసలు పని కూతకెళ్లడం కాదు. ఓ మూలన కాచుకుని కూర్చున్నట్టే ఉండి, వచ్చినవాడి కాలు దొరకబుచ్చుకోవడం!

సీజన్ ముగిసేసరికి ఏమైందో తెలుసా? పుణె జట్టు కప్పు ఎత్తింది. అదీ ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే, 2024 మార్చి 1న. తెలుగు టైటాన్స్ మాత్రం 22 మ్యాచ్‌లాడి రెండంటే రెండే గెలిచింది. పన్నెండు జట్లలో పన్నెండోదిగా మిగిలింది. పోనీ, పవన్ సరిగ్గా ఆడలేదా అంటే... ఆడాడు. కూతకెళ్లి 200కు పైగా పాయింట్లు తెచ్చిపెట్టాడు. అయినా జట్టు గట్టెక్కలేదు.

మరి కబడ్డీ జట్టులో ఏడుగురుంటే, ఆ ఏడు చోట్లలో అన్నిటికన్నా విలువైనది ఏది? వేలంపాటలో కోట్లు కుమ్మరించే యజమానుల నుంచి నెల్లూరు తీరంలో ఇసుక మీద గీతలు గీసుకుని ఆడే పిల్లల దాకా అందరినీ తికమక పెట్టే ప్రశ్న ఇదే.

తీరంలో తేలని పంచాయితీ

మైపాడు, కొత్త కోడూరు, ఇసకపల్లి, తుమ్మలపెంట... నెల్లూరు జిల్లా సముద్రం ఒడ్డున ఏ ఊరికెళ్లినా చెడుగుడు తెలియని పిల్లాడుండడు. బంతి కొనక్కర్లేదు, బ్యాటు కొనక్కర్లేదు. చెప్పులు కూడా అవసరం లేదు. కాలి బొటనవేలితో ఇసుకలో ఓ గీత గీస్తే చాలు, ఆట మొదలైపోతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కుతాయి. బడికి ఎండాకాలం సెలవులు కూడా అప్పుడే. ఇక సాయంత్రం ఎండ చల్లబడిందంటే పడవల పక్కనే కూతలు! సంక్రాంతికైతే చెప్పనే అక్కర్లేదు. ఊరూరా పోటీలు, ట్యూబులైట్లు, మైకులు, కప్పులు, నగదు బహుమతులు.

పేచీ వచ్చేది జట్టు కట్టే దగ్గరే. ఎవర్నడిగినా 'నేను కూతకెళ్తా' అనేవాడే. 'నేను మూలన నిలబడతా' అనేవాడు దొరకడు. కారణం లేకపోలేదు. కూతకెళ్లేవాడు ఒక్కడే. ఎదురుగా ఏడుగురు. ఊపిరి బిగబట్టి చూసే జనం. అతను గీత తాకగానే ఈలలు, కేకలు. పట్టుకునేటప్పుడు మాత్రం నలుగురూ ఒకరి మీద ఒకరు పడిపోతారు. దుమ్ము లేస్తుంది. అడుగున ఎవరి చెయ్యి ఎవరి మడమ మీదుందో అంపైర్‌కి తప్ప ఇంకెవరికీ కనిపించదు. పేపర్లో ఫొటో పడేదీ కూతగాడిదే, పెళ్లిచూపుల్లో చెప్పుకునేదీ కూతగాడి సంగతే!

ఏడుగురు... ఏడు పనులు

అసలు ఎవరెక్కడ నిలబడతారో ఒకసారి చూద్దాం. మగవాళ్ల కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్యలో గీత. ఒక్కో కూతకు 30 సెకన్లు. ఎదుటి కూతగాడు వచ్చినప్పుడు ఏడుగురూ చేయీ చేయీ పట్టుకుని నెలవంకలా నిలబడతారు. ఆ వంపు రెండు కొసల్లో ఉండేవాళ్లు కార్నర్లు, కుడి ఒకరు, ఎడమ ఒకరు. కూతగాడు బోనస్ గీత దాటాలని కాలు చాచేది ఎక్కువగా వీళ్ల దగ్గరే. ఆ కాలు నేల తాకి మళ్లీ లేచేలోపు చీలమండ దొరకబుచ్చుకోవాలి. అర సెకను ముందైతే చెయ్యి తగిలి తానే ఔట్. అర సెకను ఆలస్యమైతే కూతగాడు గీత చేరిపోతాడు.

కార్నర్ల తర్వాత లోపలివైపు నిలబడేవి రెండు 'ఇన్' స్థానాలు. సాధారణంగా జట్టులో పెద్ద రైడర్లు ఇక్కడుంటారు. వాళ్ల పక్కన ఇద్దరు కవర్లు. కార్నర్ కాలు పట్టగానే భుజంతో ఢీకొట్టి, దారి మూసి, కూతగాడిని గీత చేరకుండా ఆపేది వీళ్లే. నడుమ సెంటర్. మూడో రైడరో, రెండు పనులూ వచ్చిన ఆల్‌రౌండరో ఆ చోట నిలబడతాడు.

ఇసుకలో ఆట మరీ విచిత్రం. 2008లో బాలిలో జరిగిన మొదటి ఆసియా బీచ్ క్రీడల్లోనే బీచ్ కబడ్డీ ఉంది. అందులో ఒక్కో వైపు నలుగురే. నలుగురే ఉంటే 'నేను కూతకు మాత్రమే' అని భీష్మించుకు కూర్చుంటే కుదురుతుందా? అందరూ పట్టాలి, అందరూ వెళ్లాలి. తీరంలో పిల్లలు ఈ నియమాలేవీ చదవకుండానే ఎప్పటినుంచో ఆడుతున్నది అలాంటి ఆటే. పెద్దయ్యాక, కప్పులు వచ్చాకే 'నా చోటు - నీ చోటు' అన్న మాట పుడుతుంది.

వేలం లెక్క వేరు

డబ్బు ఎవరి వెనక పరుగెత్తిందో చూడాలంటే ప్రొ కబడ్డీ చరిత్ర తిరగేస్తే చాలు. 2014లో లీగు మొదలైనప్పుడు అత్యధిక ధర 12 లక్షల 80 వేలు. పట్నా పైరేట్స్ రాకేశ్ కుమార్‌కు ఇచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 2018 వేలంలో ఏకంగా ఆరుగురు కోటి అందుకున్నారు. రాహుల్ చౌదరి కోసం మన టైటాన్స్ కోటీ 29 లక్షలు పెట్టింది. మోనూ గోయత్‌కు హరియాణా స్టీలర్స్ కోటీ 51 లక్షలు ఇచ్చింది. ఆ ఆరుగురిలో కాలు పట్టడమే వృత్తిగా ఉన్నవాడు ఒక్కడే, ఇరాన్‌కు చెందిన ఫజల్ అత్రాచలి. అతని ధర సరిగ్గా కోటి.

అంటే యజమానులకు లెక్కలు రావా? వస్తాయి. కూతగాడు ఒక్క రైడ్‌లో ఇద్దరినీ ముగ్గురినీ తాకి రావచ్చు. పట్టేవాడికి పట్టుకు ఒక్కటే పాయింటు. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు పడితే మాత్రం రెండు. అందుకే పర్‌దీప్ నర్వాల్ లీగులో 1,800 దాకా రైడ్ పాయింట్లు కూడబెడితే, పట్టుల్లో ఘనుడైన అత్రాచలివి 500 పైచిలుకు. స్కోరుబోర్డు చూసి ధర కడితే కూతగాడికే ఎక్కువ కట్టాలి. ఆ లెక్కలో తప్పేం లేదు.

కానీ లెక్క అక్కడితో పూర్తి కాలేదని 2018లోనే తెలిసొచ్చింది. ఆ ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో, కబడ్డీ పుట్టిల్లు మనదేనని గర్వపడే భారత పురుషుల జట్టును సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో ఓడించింది. మనవైపు పేరున్న కూతగాళ్లకు కొదవలేదు. వాళ్లవైపు గట్టి పట్టుంది. 1990లో ఆసియా క్రీడల్లో కబడ్డీ ప్రవేశించిన నాటినుంచీ మగవాళ్ల స్వర్ణం మనదే. అది మొదటిసారి చేజారింది అప్పుడే.

మరో ముచ్చట. 2022లో తమిళ్ తలైవాస్ ఇదే పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొనుక్కుంది. పాపం, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని అతను సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. 'ఇక ఈ జట్టు పనైపోయింది' అన్నారంతా. తీరా చూస్తే ఆ జట్టు తన చరిత్రలోనే మొదటిసారి సెమీస్ చేరింది! అంత పెద్ద కూతగాడు లేకుండానే కుర్రాళ్లంతా తలా ఓ చెయ్యి వేశారు.

చచ్చినవాడిని లేపేదెవరు?

ఈ ఆటలోని అసలు కిటుకు మన పల్లెల మాటల్లోనే ఉంది. కబడ్డీలో ఎవరూ 'ఔట్' అవ్వరు... 'చస్తారు'. మనవాళ్లు పాయింటు తెస్తే 'బతుకుతారు', 'లేస్తారు'. ఎదుటివాళ్లలో ఒకణ్ని తాకినా, కూతకొచ్చినవాణ్ని పట్టినా, మనలో చచ్చినవాళ్లలో ముందు పోయినవాడు ముందు లేచి వస్తాడు. బోనస్ పాయింటుకు మాత్రం ఎవరూ లేవరు.

ఇప్పుడు ఆలోచించండి. రెండున్నర కోట్ల కూతగాణ్ని ఎదుటి జట్టు పట్టేసింది. అతను పక్కకెళ్లి కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ అతని విలువ ఎంత? సున్నా! అతనెంత గొప్పవాడైనా తనను తాను లేపుకోలేడు. ఎవరో ఒకరు ఎదుటి కూతగాడి కాలు పట్టాలి, లేదా ఇంకో రైడరు వెళ్లి ఒకరినైనా తాకి రావాలి. అదయ్యేదాకా అయిదు నిమిషాలైనా ఆరు నిమిషాలైనా బెంచీయే గతి. మొత్తం ఆటే 40 నిమిషాలు కదా! అందుకే మూలన నిలబడినవాడి ఒక్క పట్టుకు స్కోరుబోర్డులో ఒక్క పాయింటే కనిపించినా, దానితో మూడు పనులవుతాయి. పాయింటు వస్తుంది. ఎదుటివాళ్ల కూతగాడు పక్కన కూర్చుంటాడు. మన కూతగాడు లేచి వస్తాడు.

షాద్లూయి సంగతి ఇక్కడే అర్థమవుతుంది. పుణె కప్పు గెలిచిన సీజన్లో 99 పట్టు పాయింట్లతో అందరికన్నా ముందున్నాడు. మరుసటి సీజన్లో హరియాణా స్టీలర్స్ అతన్ని 2 కోట్ల 7 లక్షలకు తీసుకుంది. 2024 డిసెంబరు 29న పుణెలో జరిగిన ఫైనల్లో పట్నాను 32-23తో ఓడించి కప్పు ఎత్తింది. జట్టు మారినా రెండేళ్లు వరసగా కప్పు అతని వెంటే నడిచింది.

అలాగని మూలన మొనగాడొక్కడుంటే చాలనుకుంటే మళ్లీ పప్పులో కాలేసినట్టే! 2025లో గుజరాత్ జెయింట్స్ అతనికి 2 కోట్ల 23 లక్షలు ఇచ్చింది. ఆ జట్టు ప్లేఆఫ్స్ గుమ్మం కూడా తొక్కలేదు. అదే ఏడాది తెలుగు టైటాన్స్ పవన్‌ను వదులుకుని, రెండు పనులూ చేయగల విజయ్ మలిక్‌ను కెప్టెన్‌ను చేసింది. 2016 తర్వాత మళ్లీ ఇన్నాళ్లకు ప్లేఆఫ్స్ చేరింది. కూతగాడొక్కడైనా, మూల మనిషొక్కడైనా ఏడుగురి ఆట ఆడలేడని కదా దీనర్థం!

అమెరికాలోనూ ఇదే గోల

ఈ తగువు మన ఒక్కళ్లదే కాదు. అమెరికా ఫుట్‌బాల్ జట్టులో ఒక్కో వైపు పదకొండుమంది. అందరిలోకీ రాజు క్వార్టర్‌బ్యాక్. బంతి అందుకుని ఎవరికి విసరాలో తేల్చేది అతనే. డబ్బూ అతనికే ఎక్కువ. 2024లో డాక్ ప్రెస్కాట్ కుదుర్చుకున్న ఒప్పందం ఏడాదికి సగటున 6 కోట్ల డాలర్లు! కానీ కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ వెనకవైపు ఏం వస్తోందో కనిపించదు. 1985 నవంబరు 18 రాత్రి వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో థీస్‌మన్ కాలు, న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు లారెన్స్ టేలర్ మీద పడటంతో విరిగిపోయింది. దేశమంతా టీవీలో చూస్తుండగానే! మళ్లీ అతను ఆడలేదు.

ఆ ఎడమవైపు కాపలా కాసే భారీకాయుడిని 'లెఫ్ట్ ట్యాకిల్' అంటారు. బంతి ముట్టడు, పాయింటు తేడు, పేరు ఎవరికీ తెలియదు. 1993లో ఆటగాళ్లకు జట్లు మారే స్వేచ్ఛ వచ్చాక ఏమైందంటే, అన్నాళ్లూ అనామకుడిగా ఉన్న ఆ కాపలాదారు కోసం జట్లు ఎగబడ్డాయి. క్వార్టర్‌బ్యాక్ తర్వాత ఎక్కువ జీతం అందుకునేవాళ్లలో అతనూ ఒకడయ్యాడు. ఖరీదైన మనిషిని కొనుక్కున్నాక, అతణ్ని నిలబెట్టే మనిషి విలువ తెలిసొచ్చిందన్నమాట.

మాస్టారి పుస్తకంలో మూడో గడి

నెల్లూరు తీరంలో ఓ ఊరి హైస్కూల్లో పనిచేసి రిటైరైన డ్రిల్ మాస్టారొకాయన ఈ విలువను రెండువందల పేజీల నోటుపుస్తకంలో లెక్కకట్టేవారు. ఒక్కో పిల్లాడి పేరుకెదురుగా మూడు గడులు. తెచ్చిన పాయింట్లు, పట్టిన పట్లు... మూడోది 'బతికించినవి'. ఎవరి పాయింటు వల్ల ఎవరు లేచారో గుర్తుపెట్టుకుని రాత్రి ఇంటికెళ్లాక నింపేవారు.

ఆ పుస్తకంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. అన్న కూతగాడు. ఇంట్లో టీవీ పక్కన చెక్క అరనిండా అతను తెచ్చిన కప్పులే. తమ్ముడు ఎడమ కార్నర్. అతను ఇంటికి తెచ్చినవి గడ్డం కింద నాలుగు కుట్లు, వంకరపోయిన చిటికెనవేలు. ఓ సంక్రాంతి పోటీలో ఆ జట్టే గెలిచింది. ఉత్తమ రైడర్ బహుమతి అన్నకు వచ్చింది. ఉత్తమ డిఫెండర్‌కు బహుమతే పెట్టలేదు నిర్వాహకులు. మర్నాటి నుంచి తమ్ముడు ఆటకు వెళ్లడం మానేశాడు. 'నేనింక రాను సార్. చెన్నైలో పనికి పోతా' అని మాస్టారికి కబురు పంపాడు. ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఉంది. తల్లికి దిగులు పట్టుకుంది. ఆట పోతే పోయింది, చదువు కూడా పోయేట్టుందని.

మాస్టారు నోటుపుస్తకం చంకన పెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. తండ్రి అలివి వల బాగుచేసుకుంటున్నాడు. పెద్దకొడుకుని పిలిచి మూడో గడి చదవమన్నారు. నాలుగు మ్యాచ్‌ల్లో అన్న చచ్చింది పద్నాలుగుసార్లు. అందులో తొమ్మిదిసార్లు లేచింది తమ్ముడి పట్టుతోనే! అన్న రెండుసార్లు చదువుకున్నాడు. ఏమీ అనలేదు.

మాట్లాడింది తండ్రి. 'ఏందబ్బయా ఇంత ఆలోచన? అలివి వల ఎట్ట లాగుతాం? వలకు రెండు కొసలు. కొసకింత మంది తాడు పట్టుకుని లాగితేనే గదా చేప నడిమి సంచిలోకి వచ్చేది. చూడబోయినోళ్లు సంచి చుట్టే మూగుతారు. తాడు పట్టినోడి చేతులు ఎవరు చూస్తారు? ఒక కొస వదిలేస్తే మాత్రం సంచిలో నీళ్లే!' అన్నాడు. ఆనక చిన్నవాడి వైపు తిరిగి, 'పోతే పో. చెన్నై ఏడికీ పోదు. కానీ నిన్నెవరూ చూడలేదని మాత్రం పోబాక' అన్నాడు.

మాస్టారి వరస

ఇంతకీ ఏడు చోట్లకూ మాస్టారిచ్చిన వరస ఏమిటంటే... మొదటిది కార్నర్ల జత. ఒక్కరిని కాదు, ఇద్దరినీ కలిపే లెక్క. ఒక మూల గట్టిగా, రెండో మూల వదులుగా ఉంటే కూతగాడు వదులు వైపే వెళ్తాడు. రెండోది పెద్ద కూతగాడు. అతను లేకపోతే గెలవడానికి పాయింట్లే రావు. మూడోది కవర్ల జత. కార్నర్ పట్టిన కాలు జారిపోకుండా చూసేది వీళ్లే. నాలుగోది రెండో కూతగాడు. పెద్దవాడు చచ్చి కూర్చున్నప్పుడు వెళ్లి ఒక్కరినైనా తాకి రావాల్సింది ఇతనే. ఆఖరిది సెంటర్. కానీ ఆ సెంటర్‌లో నిలబడేవాడికి ఏడు చోట్లూ ఆడటం వస్తే వరస మొత్తం తిరగరాయాలట!

పిల్లాడిని కబడ్డీకి పంపే ఇళ్లకు ఇది పనికొచ్చే లెక్కే. ఆటతో రైల్వేలోనో పోలీసులోనో సైన్యంలోనో ఉద్యోగం సంపాదించాలన్నది తీరంలో చాలా ఇళ్ల ఆశ. జట్టుకు ఎంపిక జరిగే చోట కూతగాళ్ల వరస చాంతాడంత ఉంటుంది. నిఖార్సైన కార్నర్ల వరస పొట్టిది. 'కూతకెళ్లరా' అని వెనక నుంచి తోసేముందు, కొడుక్కి చురుకైన కాళ్లున్నాయా, ఓపికగా కాచుకునే కళ్లున్నాయా అన్నది కనిపెట్టాల్సింది పెద్దవాళ్లే.

తమ్ముడు చెన్నై వెళ్లలేదు. ఇంటర్ పూర్తిచేశాడు, ఎడమ మూలకే తిరిగొచ్చాడు. తర్వాతి ఏడు సంక్రాంతి పోటీలో అన్నకే మళ్లీ ఉత్తమ రైడర్ కప్పు. మైకులో పేరు పిలిచారు. అన్న వేదిక మీదికి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, మెట్ల దగ్గర చప్పట్లు కొడుతున్న తమ్ముడి చెయ్యి దొరకబుచ్చుకుని పైకి లాగాడు. బహుమతి ఇచ్చే పెద్దమనిషికి ఇద్దరెందుకు వచ్చారో అర్థం కాలేదు. కింద కుర్చీలో కూర్చున్న మాస్టారు మాత్రం జేబులోంచి పెన్ను తీసి, అన్న పేరుకెదురుగా మూడో గడిలో ఒక అంకె పెంచారు.